నెట్టు ఒక్కటే... వాటాలు నాలుగు!

ఒకే డోరు నంబరు, లోపల నాలుగు వాటాలు. ఉత్తరాలన్నీ ఒకే గుమ్మానికి వస్తాయి. ఏది ఎవరిదో చూసి అందించే మనిషి ఒకరుండాలి. ఇంట్లో ఇంటర్నెట్టుదీ ఇదే పద్ధతి. కంపెనీ మామూలుగా ఇచ్చే అడ్రసు ఒక్కటే. దాన్ని ఇంటిల్లిపాదికీ పంచేదే రూటరు. ఆ పని కంప్యూటరు చేస్తే సాఫ్ట్‌వేర్ రూటరు. అందుకోసమే తయారైన చిన్న పెట్టె చేస్తే హార్డ్‌వేర్ రూటరు.

కొన్ని ఇళ్లలో మొదట ఆ బాధ్యత మోసింది కంప్యూటరే. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్‌లోనే కనెక్షన్ పంచుకునే ఏర్పాటు ఉంది. హాల్లోని కంప్యూటరుకు రెండో లాన్ కార్డు పెట్టి, పిల్లాడి గదిలోకి వైరు లాగితే చాలు. కొత్తగా పెట్టె కొనే పని లేదు.

చిక్కల్లా ఎక్కడంటే... నాన్నగారు పడుకోబోతూ కంప్యూటరు ఆపేస్తే పిల్లాడి నెట్టూ ఆగిపోతుంది! మర్నాటితో కౌన్సెలింగు గడువు ముగుస్తుంటే ఆ రాత్రి అవస్థ చెప్పనక్కర్లేదు. పోనీ ఆపకుండా వదిలేద్దామా? వంద వాట్లు లాగే కంప్యూటరు నెలంతా వెలిగితే 72 యూనిట్లు. పది వాట్ల పెట్టెకైతే ఏడు యూనిట్ల పైచిలుకే.

నిజానికి ఆ పెట్టె కూడా ఓ బుల్లి కంప్యూటరే. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ లోపల నడిచింది లైనక్స్. దాని సోర్స్ కోడ్ 2003లో బయటికొచ్చింది. ఆ పునాది మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. అంటే తేడా పెట్టెలో లేదు, దానికి అప్పజెప్పిన పనిలో ఉంది. ఒకే పని చేసేది ఒకరి నిద్రకో, ప్రయాణానికో లొంగదు.

2020లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు ఆ పాత చిక్కే మళ్లీ ఎదురైంది. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ కూడా సాఫ్ట్‌వేర్ రూటరే కదా! అమ్మ ఫోను పట్టుకుని బజారుకెళ్తే పాఠమూ ఆమె వెంటే వెళ్లిపోయేది.

అలాగని సాఫ్ట్‌వేర్ రూటరును తీసిపారేయక్కర్లేదు. మూలనపడ్డ పాత కంప్యూటరులో పీఎఫ్‌సెన్స్ లాంటిది వేస్తే ఎవరికి ఎంత వేగం, పిల్లలకు ఏ వేళల్లో నెట్టు... అన్నీ ఇష్టం వచ్చినట్టు దిద్దుకోవచ్చు. కానీ అమర్చిన అబ్బాయి ఉద్యోగానికి ఊరు దాటిపోతే? అది మొరాయించిన రోజున అమ్మానాన్నలకు దిక్కు తోచదు. మనవడి ముఖం చూసే వీడియో కాల్ కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది మరి!

పెట్టె అయితే, ఆపి మళ్లీ వేస్తే చాలాసార్లు దారికొస్తుంది. దానితో వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, అప్‌డేట్లు వేసి, చిన్న యూపీఎస్ తగిలిస్తే కరెంటు పోయినా కాసేపు ఆదుకుంటుంది. ఏ రూటరు మేలన్నది వేగం ఒక్కటే తేల్చేది కాదు. తెలిసినవాళ్లు ఇంట్లో లేనప్పుడు కూడా నడిచేదే ఆ ఇంటికి మంచి రూటరు.