నరసాపురం లేసు: అరుగు మీది పని, దూరదేశపు ధర

భీమవరం నుండి పాలకొల్లు మీదుగా వచ్చే రైలుమార్గం నరసాపురంలో ఆగిపోతుంది. అక్కడి నుండి ముందుకు వశిష్ఠ గోదావరి, అవతలి గట్టున సఖినేటిపల్లి, ఇంకా దిగువన అంతర్వేది వద్ద సముద్రం. దారి అయిపోయిన ఊరు గదా అని క్రొత్తగా వచ్చినవారికి అనిపిస్తుంది. కాని ప్రియ పాఠకులారా, ఈ ఊరి చేతిపని దూరదేశాలకు ప్రయాణం కట్టి చాలా తరాలయింది.

రేవు ప్రక్కనే మాధవాయిపాలెం ఉంది. ఏరు దాటేవారు తప్ప నేడు దాని పేరు ఎవరూ అంతగా తలచరు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీవారు ఈ ప్రాంతపు నేతబట్టను ఇక్కడ చేర్చి ఓడలకెక్కించేవారు. ఆ తెల్లని నూలుబట్టకు ఊరి పేరే పెట్టి ‘మడపోలం’ అన్నారు. 1833 వరకు ఇక్కడ కంపెనీ వర్తకశాల నడిచింది. తరువాత ఇంగ్లండులోని మిల్లులు ఆ రకపు బట్టను యంత్రాలమీద నేసి, అదే పేరుతో మన దేశానికే పంపాయి. మన ఊరి పేరు గల బట్టను మనమే సీమసరుకుగా కొనుక్కొన్నాము. గోదావరి గట్టున ఇంతకంటె విడ్డూరమైన కథ మేము వినలేదు.

నేతబట్ట పోయిన ఆ గట్టుకే లేసు వచ్చింది. స్కాట్లండు నుండి వచ్చిన మక్రే అనే మిషనరీ దంపతులు 1844లో ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని ఈ ప్రాంతంలో చెప్పుకొంటారు. చేతిలో నాలుగు డబ్బులు లేని ఇళ్ళకు ఆసరాగా మొదలైన పని అది. సంఘంలోని బీద స్త్రీలే గాక, గడప దాటి పనికి వెళ్ళని ఇళ్ళ స్త్రీలు కూడా నేర్చుకొన్నారు. తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి పాకి, చుట్టుప్రక్కల పల్లెలన్నిటా స్థిరపడింది.

మేము, మా ఇల్లాలు సీతారాంపురం వైపు వెళ్ళినప్పుడు మధ్యాహ్నపు వంట ముగిసిన వేళ. అరుగుల మీద ఇద్దరు ముగ్గురు చొప్పున స్త్రీలు కూర్చొని ఉన్నారు. ఒడిలో దారపుండ, చేతిలో కొనకు చిన్న కొక్కెం ఉన్న సూది. మాటలు మాటలే, చేతులు చేతులే. చూస్తుండగానే ఒంటి దారం గొలుసవుతుంది, గొలుసు చుట్టు తిరిగి పువ్వవుతుంది. ఈ అల్లికను ఉన్నదున్నట్లుగా చేసే యంత్రం నేటికీ బజారులోకి రాలేదు. యంత్రాలు నేసేది దానిని పోలిన లేసు మాత్రమే. కాబట్టి అమెరికాలో గాని, ఫ్రాన్సులో గాని ఒక బల్లమీద నిజమైన కొక్కెపు సూది లేసు పరచి ఉంటే, ఎక్కడో ఒక మనిషి గంటలకొద్దీ కూర్చొని దానిని అల్లినదే.

హైదరాబాదులో 1998లో హైటెక్ సిటీ తెరచిన తరువాత ‘అవుట్‌సోర్సింగ్’ అనే మాట మన పల్లెలకు కూడా వచ్చింది. పైదేశపు కంపెనీ తన పనిని కూలి తక్కువగా ఉండే దేశంలో చేయించుకోవడమే దాని అర్థం. మాట క్రొత్తదేమో గాని నరసాపురానికి పని క్రొత్తది కాదు. విదేశపు దుకాణదారు ఎగుమతిదారునికి ఆర్డరు ఇస్తాడు. ఎగుమతిదారుడు ఏజెంటుకు దారం ఇస్తాడు. ఏజెంటు దానిని ఇల్లిల్లూ పంచుతాడు. ఒక పల్లెలో పువ్వులు అల్లుతారు, మరొకచోట వాటిని జతచేస్తారు. దీనిని ‘అతుకుపని’ అంటారు. ఉతుకు, ఇస్త్రీ, కట్టలు కట్టడం వర్తకుని షెడ్డులో జరుగుతాయి. పువ్వు అల్లిన ఆమె పూర్తయిన బల్లగుడ్డను చూడనే చూడదు.

మరియా మీస్ అనే జర్మను సామాజికశాస్త్రవేత్త 1970ల చివరిలో ఈ ఊళ్ళకు వచ్చి, లేసు అల్లే స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారనీ, రోజంతటిలో ఆరేడు గంటలు అల్లినా సగటున రూపాయి కూడా దక్కడం లేదనీ ఆమె తేల్చారు. అది పొలం కూలి కంటె చాలా తక్కువ. కారణం కూడా ఆమె గట్టిగా చెప్పారు: వీరిని పనివారిగా ఎవరూ లెక్కించలేదు. ఇంట్లో ఆడవారు తీరికవేళ చేసుకొనే కాలక్షేపమన్నారు. ఎగుమతులు పెరిగేకొద్దీ, మునుపు స్త్రీలు కూడా చేసిన బేరసారాలు పురుషుల చేతికి వెళ్ళిపోయాయి.

పోటీ మాట వచ్చినప్పుడెల్లా వర్తకులు చైనా పేరే ఎత్తుతారు. అందులో నిజముంది. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2005 జనవరి 1తో బట్టల వ్యాపారంలోని పాత కోటాలు తొలగిపోయాయి. చవక యంత్రపు లేసు బజార్లను నింపింది. అయితే చైనాలోని శాంటౌ పట్టణ ప్రాంతంలో కూడా మిషనరీ స్త్రీలే అక్కడి బీద స్త్రీలకు కుట్టుపని, లేసు పని నేర్పారు. అనగా ఒకే ఉద్దేశంతో సూది పట్టుకొన్న రెండు ఊళ్ళ స్త్రీలను, ఎవరు తక్కువకు చేస్తారో చూద్దామని బజారు ఎదురెదురుగా నిలబెట్టింది. ఆ పోటీలో గెలుపంటే ఏమిటో మాకు అర్థం కాలేదు. ధర ఇంకా తగ్గించాలంటే తగ్గేది దారం ధర కాదు, ఓడ కిరాయి కాదు, అరుగు మీది కూలియే గదా!

“రోజంతా వంగి కూర్చున్నా ఉపాధి హామీ కూలిలో సగం పడదండి అయ్యగారూ” అన్నదొక సహోదరి. 2024-25లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. “మరెందుకమ్మా చేస్తున్నావు?” అని మా ఇల్లాలు అడిగింది. “ఎండలోకి వెళ్ళలేనండి. మనవడిని చూసుకుంటూ చేసుకోవచ్చండి. ఆ డబ్బు మటుకు నా చేతికే వస్తుందండి.” ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె తల ఎత్తింది.

కూతుళ్ళు మాత్రం నేర్చుకోవడం లేదు. కొందరు రొయ్యల షెడ్లకు వెళ్తున్నారు, కొందరు గల్ఫు దేశాలలో ఇంటిపనికి విమానమెక్కుతున్నారు. రొయ్యల పని కూడా దూరదేశపు కొనుగోలుదారుని మీద ఆధారపడినదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి చెరువుల రైతులు గుండెలు పట్టుకొన్నారు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇకపై వేరొకచోట చేసిన సరుకును ఈ ఊరి పేరుతో అమ్మడానికి చట్టరీత్యా వీలులేదు. మడపోలం నాడు ఇలాంటి రక్షణ లేదు. మంచిదే. అయితే ఈ గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని నిర్ణయించదు.

మన స్త్రీల కూడికలలో సామెతలు ముప్పది యొకటవ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు చేశాము, విన్నాము. ఆ స్త్రీ వేకువనే లేస్తుందని నొక్కి చెప్తాము. తన చేతిపనిని తానే వర్తకులకు అమ్మిందనీ, తన వ్యాపారలాభం ఎంతో ఆమెకు తెలుసనీ అక్కడే ఉన్న మాటను ఎందుకో త్వరగా దాటిపోతాము.

వచ్చే ముందు మా ఇల్లాలు ఆ సహోదరి సొంతానికి అల్లుకొన్న చిన్న బల్లగుడ్డను ఇష్టపడి, ధర ఎంతని అడిగింది. ఆమె తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఏజెంటు చెప్పిన రేటు తీసుకోవడమే గాని, తాను ధర చెప్పిన రోజు లేదు. దారం ఖరీదు చెప్పి ఊరుకొన్నది. అంతలో లోపలి నుండి కాలేజీ చదివే కూతురు వచ్చి, “ఎన్ని రోజులు పట్టిందమ్మా?” అని అడిగింది. పదకొండు రోజులని తల్లి వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. ఆ పిల్ల నోటు పుస్తకంలో ఒక కాగితం చింపి, పదకొండు రోజుల కూలి మొదట వేసి, దాని క్రింద దారం ఖరీదు వేసి, కూడి మా చేతికిచ్చింది.