కూత ఒక్కటే చాలదు

ఆస్ట్రేలియా కుర్రవాళ్లు తమ కోలబంతిని విడిచి, ఐర్లండు బాలురతో గుండ్రని బంతితో, ఇరుదేశాల నిబంధనలు కలిపి ఆడిన పోటీలున్నాయి. అలవాటు లేని నియమాల నడుమ ఎవరి బుద్ధి నిలుస్తుందో అక్కడ తేటపడుతుంది.

మా పెన్‌పహాడ్ ప్రాంతపు పిల్లలకూ ఇదే పరీక్ష. మట్టిలో చెడుగుడు నేర్చినవాడు మ్యాట్ మీద కబడ్డీ ఆడాలి. ఊపిరి నిలిచినా 30 సెకండ్ల గడువు నిలవదు. ఎదుట ఆరుగురైనా ఉంటేనే బోనస్ గీతకు విలువ.

2021 మార్చిలో సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు జరిగాయి. ఆరంభం నాడే గ్యాలరీ కూలి 100 మందికి పైగా గాయపడ్డారు. అంత జనం వచ్చింది కుర్రవాళ్ల ఆట చూడటానికే గదా! మరి చూడవలసినదేమిటి?

చీలమండ పట్టినవాడికి పాయింటు పడుతుంది. కూతగాణ్ణి ఆ మూలకు తరిమినవాడి పేరు ఎక్కడా పడదు. ఏళ్ల తరబడి జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. జవాబుకు మార్కు వేయడం సులువు, ఆలోచనకు వేయడం కష్టం. ఎంపికలో ఆ రెండవవాణ్ణి వదిలేస్తే, మరుసటి ఏడు వాడు మైదానానికి రాడు, కూలికి పోతాడు. మిత్రులారా, అటువంటివాడు మీ కంటబడితే వాడి పేరు పదిమందిలో చెప్పండి.