చిగుర్ కా గోష్

జగిత్యాలలో నేను ఏళ్ల తరబడి అన్నం తినే హోటలొకటుంది. ఆరు బల్లలు. బోర్డు మీద ఉర్దూ అక్షరాలు సగం వెలిసిపోయాయి. తెలుగు అక్షరాలు ఈమధ్యే కొత్తగా రాయించారు. మెనూ కార్డు లేదు. ఏముందని అడిగితే చాచా నోటితోనే చెప్తాడు. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, ఆ తర్వాత మామిడికాయ, వానలు పడితే పుంటికూర, చలికాలం చిక్కుడుకాయ. అన్నీ గోష్‌తోనే.

వండే పద్ధతి చాలా దూరం నుంచి వచ్చింది. ఖుర్మా అన్న మాట తుర్కీది. పులావ్, బిర్యానీ ఫార్సీ మాటలు. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, ముక్కను మసాలాలో నూనె తేలేదాకా భూన్ చేసి, సన్నని సెగ మీద దమ్ పెట్టే ఓపిక ఆసియాలో ఎన్నో వంటిళ్లు తిరిగి మా ఇళ్లకు చేరింది. ముక్క మెత్తబడ్డాకే చిగుర్ వెయ్యాలంటుంది అమ్మీ. ముందే వేస్తే పులుపుకు ముక్క బిగుసుకుపోతుందట. చిగుర్‌ని అరచేతుల్లో నలిపి, పుల్లలు ఏరి, కచ్చాపచ్చాగా దంచి వేస్తుంది. ఆ ఆకు మాత్రం ఎక్కడి నుంచో రాలేదు. కోరుట్లలో మా ఇంటి వెనక చెట్టుదే.

పోయిన ఎండాకాలం ఒక మిత్రుణ్ణి ఆ హోటల్‌కు తీసుకెళ్లాను. అతనిది సిరిసిల్ల. సాంచెల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడు. నాలాగే విలేకరి. 2016లో కరీంనగర్ జిల్లా ముక్కలై అతనిదొక జిల్లా, నాదొక జిల్లా అయ్యేదాకా ఇద్దరం ఒకే జిల్లా వార్తలు రాశాం. నేతకార్మికుల ఆత్మహత్యలు రాశాం. గల్ఫ్ నుంచి వచ్చిన శవపేటికల పక్కన నిలబడ్డాం. ఇరవయ్యేళ్ల స్నేహం. వాళ్లింట్లో ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. అతన్ని ఈ హోటల్‌కు తేవడం మాత్రం అదే మొదలు. ఇన్నేళ్లూ ఎందుకు తేలేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

గిన్నె బల్ల మీదికి రాగానే అతను ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, ఇది యాటదేనా?"

"యాటదే, యాటదే."

రెండుసార్లన్నాను. అడగడం తప్పు కాదు. తినబోయేదేమిటో తెలుసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. నేను మాత్రం కొత్త ఊళ్లో హలాలేనా అని అడగనా? నన్ను గుచ్చింది అతని ప్రశ్న కాదు, నా తొందర. దొంగతనం అంటగట్టకముందే జేబులు తిప్పి చూపించినవాడి తొందర అది.

ఆ హోటల్లో రెండు గిన్నెలుంటాయి. ఛోటేకా, బడేకా. యాట కొనలేనివాళ్లది రెండో గిన్నె. పక్క బల్ల దగ్గర ఒక హమాలీ అదే తింటున్నాడు. నా మాట విని తలెత్తి చూశాడో లేదో తెలియదు. నేను మాత్రం అటువైపు చూడలేకపోయాను.

ఎందుకంటే నేను పెరిగింది ఆ రెండో గిన్నె మీదే. అమ్మీ రోజంతా బీడీలు చుడితే వచ్చే కూలికి యాట కూర పండక్కే. మిగతా రోజుల్లో మా పొయ్యి మీద ఉడికింది బడేకా గోష్. జగిత్యాలలో బీఏ చదివే రోజుల్లో తోటి పిల్లలు అడిగితే "మా ఇంట్లో అది తినం" అని చెప్పాను. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. నా అంతట నేనే అమ్మీ పొయ్యిని దాచేశాను. పాతికేళ్ల తర్వాత అదే అబద్ధం "యాటదే, యాటదే" అని మళ్లీ బయటికొచ్చింది. ఈసారి మాట నిజమే. గొంతు మాత్రం అప్పటిదే.

మిత్రుడు ఇష్టంగా తిన్నాడు. ఇంకో రొట్టె అడిగాడు. కూర పేరేంటన్నాడు.

"చిగుర్ కా గోష్."

నవ్వాడు. "చిగురు మా మాట కదన్నా!"

మా మాట! మా అమ్మీకి ఆ ఆకుకు ఇంకో పేరు తెలియదు. అది తెలుగు మాటని కూడా ఆమెకు తెలియదు. దక్కనీ ఉర్దూలో మా వంటింటి మాట అది. మరి సిరిసిల్లలో వాళ్లింటి ఫంక్షన్లలో నేను తిన్న బగారన్నం సంగతేంటి? బఘార్ అంటే పోపు. మా వంటింటి మాట అది. ఇవాళ తెలంగాణలో బగారన్నం లేని దావత్ ఉందా? చిగురు మాలోకి వచ్చింది, బగారా వాళ్లలోకి పోయింది. ఎవరూ ఎవర్నీ కాగితాలడగలేదు. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసు ఓడల్లో దిగింది. చింతపండును అరబ్బులు తమర్ హిందీ అన్నారు, అంటే హింద్ ఖర్జూరం. వృక్షశాస్త్రమేమో చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటుంది. ఊరి ముందరి చింతచెట్టు కింద కూర్చొని మమ్మల్ని "మీరెక్కడోళ్లు?" అని అడుగుతారు. ఆ చెట్టునెవరూ అడగరు.

మావాళ్లనూ అడగాల్సిందొకటుంది. ఇప్పుడు ఊరూరా మండీ హోటళ్లొచ్చాయి. పెద్ద పళ్లెం చుట్టూ హిందువులూ ముస్లింలూ కూర్చొని తింటున్నారు. సంతోషమే, నాకూ ఇష్టమే. మండీ యెమెన్ వంట. కానీ గల్ఫ్ నుంచి వచ్చిన మా కోరుట్ల పిల్లలు కొందరు ఇదే మన అసలు తిండి అంటున్నారు. చిగుర్ గోష్ పెడితే "పల్లెటూరి కూర" అని ముఖం తిప్పుకుంటున్నారు. మమ్మల్ని అరబ్ దేశం పొమ్మనేవాళ్లకూ, మేం అక్కడివాళ్లమే అనుకునే మా పిల్లలకూ తేడా ఏముంది? ఇద్దరికీ అమ్మీ కుండ కనబడటం లేదు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా ఆ మిత్రుణ్ణి మళ్లీ అదే హోటల్‌కు పిలిచాను. చాచా వచ్చి ఏం పెట్టాలన్నాడు. ఎప్పుడూ ఉర్దూలో చెప్పేవాణ్ణి, ఆ రోజు తెలుగులో, అందరికీ వినపడేలా చెప్పాను.

"ఆయనకు యాటది పెట్టు చాచా. నాకు బడేకా."

మిత్రుడు నా వైపు చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. అతను లేచి పోతాడేమోనని ఒక్క క్షణం భయపడ్డాను, అబద్ధం చెప్పను. రెండు గిన్నెలూ వచ్చాయి. రెండింట్లోనూ అదే చిగుర్. అతను ఉల్లిగడ్డ ముక్కల పళ్లెం నా వైపు జరిపి, రొట్టె తుంచుకుంటూ అడిగాడు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?"

జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు ఇద్దరం వార్తలు ఆలస్యంగా పంపాం.