గొంతులోని ముద్ద

నా గొంతులో ముప్పది యేండ్లుగా ఒక ముద్ద కాపురమున్నది. అది చేతికి తగులదు, అద్దములో కానరాదు. ఉమ్మి మ్రింగబోయినపుడెల్ల ఉసిరికాయ యొకటి యడ్డుపడినట్లుండును. చిత్రమేమన, అన్నమునకు మాత్రము అది యడ్డురాదు. “అన్నము దిగుచున్నది గదా, ఇంకేమి జబ్బు?” అని మా అత్తగారనిరి. ఆమెను తప్పుపట్టను, ఆ మాట నాకును సమంజసముగనే తోచినది.

మాది కృష్ణాజిల్లాలోని దివిసీమ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, కార్తికమాసమున వచ్చిన ఉప్పెనను మా సీమవారు మరువజాలరు. సర్కారు లెక్కలలోనే ఇంచుమించు 10,000 మంది మరణించిరి. అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. ఒక చేత తుమ్మకొమ్మను, రెండవ చేత నాలుగేండ్ల తమ్ముని పట్టుకొంటిని. నోటినిండ ఉప్పునీరు. వానిని పిలువబోగా గొంతు పెగలలేదు. తెల్లవారునప్పటికి కొమ్మ నాచేతిలోనే యున్నది, తమ్ముడు లేడు. అమ్మ వేరొక చెట్టునాశ్రయించి బ్రదికినది. ఆమె నన్నడుగలేదు, నేను చెప్పలేదు. వాని పేరెత్తుటయే మానితిమి.

నా కుమారునికి నాలుగవయేడు నిండిన కార్తికమున ఈ ముద్ద మొదలైనది. కరక్కాయ బుగ్గనిడుకొంటిని, మిరియాలపాలు త్రాగితిని, అత్తగారు దిష్టితీసిరి. క్యాన్సరేమోయను భయము లోలోపల దాచుకొని యేండ్లు గడపితిని.

తుదకు నా కూతురు పట్టుబట్టి గొంతువైద్యురాలి కడకు గొనిపోయినది. వారు దీపముగల సన్నని గొట్టమును ముక్కుద్వారా పంపి పరికించి, “గడ్డయేమియు లేదు. కాని మీ బాధ అబద్ధము కాదు” అనిరి. నాకు కన్నీరాగలేదు. అన్నవాహిక పైకొసను కండరముల వలయమొకటి కలదట; మ్రింగునపుడు తప్ప తరచుగా అది మూసికొనియే యుండునట. భయదుఃఖములచేత అచటి కండరములు బిగియవచ్చుననియు, కడుపులోని ఆమ్లము పైకెగయుటయు నొక కారణము కావచ్చుననియు, మాటిమాటికి ఉమ్మి మ్రింగి చూచుకొనుటచే ముద్ద మరింత తెలియుననియు చెప్పిరి. పూర్వము పాశ్చాత్యులు దీనిని హిస్టీరియాతో ముడిపెట్టి పిలిచెడివారట. ఆ మాట గర్భాశయమను అర్థముగల గ్రీకుపదమునుండి పుట్టినది. ఈ రోగులలో ననేకులకు హిస్టీరియా లేదని గుర్తించి, 1968లో మాల్కమ్సన్ అను వైద్యుడు గ్లోబస్ ఫారింజియస్ అని పేరు మార్చెను. ఇది పురుషులకును వచ్చును.

ముద్ద తెలిసినపుడు ఉమ్మి మ్రింగక గ్రుక్కెడు నీరు త్రాగుట, ఆవులించి నిట్టూర్పు విడుచుట, పెదవులు మూసి సన్నగా కూనిరాగము తీయుట నాకు నేర్పిరి. మనసు వైద్యురాలిని గూడ చూడుమనిరి. అచటనే, ఉప్పెన గడచిన నలువదియేండ్లకు, తమ్ముని పేరు పలికితిని. గొంతు బిగిసినది, కాని మాట వచ్చినది.

ఆ కార్తికమున అమ్మకును చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప నా చేయి పట్టుకొని, “ముందు నీ చేయి నా చేతిలోనుండియే జారినదే తల్లీ. ఆ మాట నేనును నీతో చెప్పలేకపోతిని” అన్నది.

ముద్ద పూర్తిగ పోయినదని చెప్పను. కార్తికము వచ్చిన, అదియు వచ్చును. కాని యిప్పుడు మేమిద్దరమును వాని పేర దీపము వెలిగించి, వాని అల్లరి తలచుకొందుము. దీపము కొండెక్కులోపల గొంతు కొంత సడలును.

ఒక మాట మరువకుడు. అన్నమడ్డుపడినను, మ్రింగునపుడు నొప్పియున్నను, కారణములేక చిక్కిపోయినను, మెడలో గడ్డ తగిలినను, మూడు వారములు దాటియు గొంతు బొంగురుగనే యున్నను జాగుసేయక వైద్యునకు చూపవలెను. మనసుదే యని మనమే తీర్పు చెప్పుకొనరాదు. మీ యింట నెవరైన గొంతులో నేదో యడ్డమున్నదనినచో నవ్వకుడు. ముందు వైద్యునకు చూపుడు; తరువాత ఆమె ప్రక్కను కొంతసేపు కూర్చుండుడు.