అట్లాంటిక్ మీదుగా మోటార్‌సైకిల్ యాత్ర

యూరప్ ప్రధాన భూభాగం నుంచి సొంత మోటార్‌సైకిల్‌తో ఐస్‌లాండ్ చేరదలచిన యాత్రికులకు, డెన్మార్క్‌లోని హిర్ట్స్‌హాల్స్ రేవులో బయలుదేరి ఫారో దీవుల మీదుగా ఐస్‌లాండ్ తూర్పు తీరంలోని సేదిస్‌ఫ్యోర్దుర్‌కు రెండు రోజులకు పైగా ప్రయాణించే ‘నోరోనా’ అనే ఓడే ఆధారం. 2003లో సేవలోకి వచ్చిన ఈ నౌక రో-రో తరగతికి, అనగా వాహనాలను క్రేనుతో ఎత్తకుండా నేరుగా నడిపి ఎక్కించి, అదే విధంగా దించే తరగతికి చెందినది.

ఈ ప్రయాణంలో అత్యంత శ్రద్ధ కోరే ఘట్టం బండిని కట్టడమే. తడిసి జారే ఉక్కు నేల మీద దానిని సైడ్ స్టాండుపై నిలిపి, కదలకుండా మొదటి గేరులో ఉంచి, సీటు ఒరుసుకుపోకుండా మెత్తని గుడ్డ పరచి, ముందు సస్పెన్షన్ కొంత అణిగేంత వరకు పట్టీలను నేలలోని కొక్కేలకు బిగించాలి. ఉత్తర అట్లాంటిక్ కెరటాలకు ఓడ పక్కలకు ఒరిగినప్పుడు వదులుగా ఉన్న ఒక్క పట్టీ వల్ల పక్కనున్న బండ్లు కూడా కూలవచ్చు.

ఓడ కదిలాక ప్రయాణికులను వాహనాల అంతస్తులోకి సాధారణంగా అనుమతించరు గనుక మందులు, వెచ్చని దుస్తులు ముందే వెంట తీసుకోవాలి. ఈ కట్టుబాటు కొందరికి విసుగనిపించినా పూర్తిగా సమంజసమైనది. అడ్డుగోడలు లేని ఆ విశాలమైన అంతస్తు ఎంత సున్నితమైనదో, 1987లో బెల్జియంలోని జీబ్రూగ రేవు వెలుపల ముందరి తలుపులు మూయకుండా బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే రో-రో నౌక, లోపలికి నీరు చొచ్చుకురావడంతో నిమిషాలలో ఒరిగిపోయి 193 మంది మరణించడం చూపింది.