దత్తత బిడ్డకు ఆరోగ్య బీమా ఏనాటి నుంచి?

విదేశాలలో స్థిరపడిన తెలుగు దంపతులు బిడ్డను దత్తత తీసికొనుటకు స్వదేశమునకు వచ్చేటప్పుడు తమ కొఱకు ప్రయాణ ఆరోగ్య బీమా తీసికొంటారు. వచ్చేటప్పుడు ఇద్దరు, వెళ్ళేటప్పుడు ముగ్గురు. ఆ మూడవ ప్రాణికి జబ్బు చేస్తే వైద్యపు ఖర్చు ఎవరు భరిస్తారనే ప్రశ్న చాలామందికి ఆసుపత్రిలో అడుగుపెట్టిన తరువాతే తోస్తుంది.

వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో చాలా ఏళ్ళు వైద్యము చేసి విరమించాను. అయినా పాత రోగులు కాగితాలు పట్టుకొని ఇంటికి వస్తూనే ఉంటారు. ఆ మధ్య తాండూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన కొడుకు, కోడలు అమెరికాలో ఉంటారు. హైదరాబాదులోని ఒక దత్తత సంస్థలో ఉన్న రెండేళ్ళ పాపను వారు దత్తత తీసికొనబోతున్నారు. పాప వైద్య పరీక్షల నివేదికను నా చేతికిచ్చి, “డాక్టరు సాబ్, పాప గుండెల చిన్న రంధ్రమున్నదని రాసిండ్రు. కాయితాలు అయ్యేదాక మా ఇంట్లనే ఉంటరట. నడుమ ఏమన్న అయితే ఎట్ల?” అని అడిగారు.

వైద్యపరముగా జవాబు చెప్పడము సులభమే. గుండె దిగువ గదుల మధ్య గోడలో ఉండే చిన్న రంధ్రాలు చాలావఱకు బాల్యములో వాటంతట అవే మూసుకొంటాయి. పాప బరువు పెరుగుతున్నదా, ఆయాసపడుతున్నదా, మాటిమాటికి న్యుమోనియా వస్తున్నదా అన్నది గమనించాలి. ఎకోకార్డియోగ్రామ్ చేయించి శిశు హృద్రోగ నిపుణులకు చూపించాలి. ఖర్చు విషయములో మాత్రము జవాబు తారీకులపై ఆధారపడి ఉంటుంది.

2022 దత్తత నిబంధనల ప్రకారము, కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ నిరభ్యంతర పత్రము ఇచ్చిన తరువాత, తుది ఉత్తర్వు రాకముందే దంపతులు బిడ్డను తాత్కాలిక సంరక్షణకు తీసికొని మన దేశములోనే తమ దగ్గర ఉంచుకోవచ్చును. బిడ్డ ఉన్న సంస్థ ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కలెక్టరు దత్తత ఉత్తర్వు ఇస్తారు. 2022 సెప్టెంబరుకు ముందు ఈ అధికారము న్యాయస్థానాలకు ఉండేది. ఆ పైన జనన ధ్రువపత్రము, పాస్‌పోర్టు, వీసా రావాలి. ఇన్ని వారాలూ బిడ్డ వీరి ఒడిలోనే ఉంటుంది. కాని ఉత్తర్వు వచ్చేవఱకు చట్టము దృష్టిలో వీరి సంతానము కాదు. ప్రయాణ బీమా పత్రములోని ‘సంతానము’ అనే మాట ఆ బిడ్డకు వర్తిస్తుందని అనుకోరాదు. వర్తించినా, అంతకు ముందే ఉన్న వ్యాధులను చాలా ప్రయాణ బీమాలు మినహాయిస్తాయి. గుండెలో రంధ్రము అట్టిదే.

అమెరికాలో ఉద్యోగ సంస్థలు కల్పించే సామూహిక ఆరోగ్య బీమా విషయములో 1993 నాటి చట్ట సవరణ దంపతులకు మేలు చేసింది. ఉద్యోగుల పిల్లలకు రక్షణ కల్పించే పథకము, దత్తత కొఱకు అప్పగించిన బిడ్డకు కూడా కన్నబిడ్డతో సమానముగా రక్షణ ఇవ్వాలి. దత్తత పూర్తయ్యేవఱకు ఆగనక్కఱలేదు. బిడ్డ పోషణ బాధ్యతను చట్టరీత్యా స్వీకరించిన నాడే ఆ హక్కు కలుగుతుంది. 1996 చట్టము ప్రకారము బిడ్డ పేరు చేర్చమని కోరుటకు కనీసము 30 దినముల గడువు ఉంటుంది. ఆ గడువులో కోరితే రక్షణ అప్పగించిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. అమెరికా వెళ్ళాక చూద్దామనుకొంటే ఇక్కడ గడిపే వారాలలోనే ఆ గడువు దాటిపోవచ్చును. ఇతర దేశాల నిబంధనలు వేరు. అక్కడివారు తమ బీమా సంస్థనే విచారించాలి.

అందుచేత పెద్దాయన కొడుకుకు మూడు ప్రశ్నలు వ్రాసి పంపాను. బిడ్డకు రక్షణ ఏ తేదీ నుంచి, ఏ పత్రము చూపితే మొదలవుతుంది? భారతదేశములో అత్యవసర చికిత్సకు, తాండూరు నుంచి హైదరాబాదు తరలింపునకు అయ్యే ఖర్చు చెల్లిస్తారా? డబ్బు ముందు మనము కట్టి, తరువాత రాబట్టుకోవాలా? ఈ మూడింటికీ జవాబులు ఫోనులో కాక వ్రాతపూర్వకముగా తీసికొనమన్నాను. రక్షణ లేని దినాలు ఎన్ని ఉన్నాయో తేలితే ఆ మేరకు సొమ్ము సిద్ధముగా ఉంచుకోవచ్చును.

దత్తత కాగితాల విలువ తాండూరు వారికి వేరుగా చెప్పనక్కఱలేదు. 2001లో లంబాడా ఆడశిశువుల విక్రయాల వ్యవహారములో ఈ పట్టణములోని ఒక శిశుగృహము వార్తలకెక్కింది. దొంగ కాగితాలు తల్లి నుంచి బిడ్డను వేఱు చేయడమే కాక బిడ్డ వైద్య చరిత్రను కూడా చెరిపివేస్తాయి. తల్లికి ఏ జబ్బులు ఉన్నాయో, కాన్పు ఎలా జరిగిందో, పుట్టినప్పుడు బరువెంతో ఇక ఎవరూ చెప్పలేరు. సక్రమమైన దత్తతలోనూ ఈ వివరాలు కొన్ని దొరకకపోవచ్చును. బీమా దరఖాస్తులో తెలియనిదానిని ‘తెలియదు’ అనే వ్రాయాలి. తెలిసిన గుండె రంధ్రమును దాచరాదు. దాచినట్లు తేలితే రేపు శస్త్రచికిత్స అవసరమైననాడు చెల్లింపు నిరాకరించగలరు.

బీమాతో పాటు టీకాలను కూడా చూసుకోవాలి. హెపటైటిస్ ‘ఏ’ సోకిన పసిపిల్లలలో లక్షణాలు తఱచు కనిపించవు. వారి నుంచి సోకిన పెద్దలకు కామెర్లు తీవ్రముగా రావచ్చును. అందుకే 2009లో అమెరికా టీకాల సలహా సంఘము, ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న దేశాల నుంచి దత్తత బిడ్డ వచ్చిన మొదటి 60 దినములలో ఆ బిడ్డకు సన్నిహితముగా మెలగే వారందఱికీ, అంతకు ముందు తీసికొనకపోతే, ఈ టీకా వేయించుకొనమని సూచించింది. ప్రయాణము చేయని బంధువులకు, బిడ్డను చూసుకొనే ఆయాకు కూడా ఇది వర్తిస్తుంది. దంపతులు తట్టు టీకాలు పూర్తయినవో లేదో కూడా చూసుకోవాలి.

అమెరికా చేరిన రెండు వారాలలోగా పాపను శిశువైద్యునికి చూపించి క్షయ, హెపటైటిస్ ‘బి’, రక్తహీనత, పేగులలో పరాన్నజీవుల పరీక్షలు మరల చేయించాలి. ఆ పరీక్షలకు వెళ్ళేనాటికి పాప పేరు బీమా పత్రములో ఉండాలి. దానికి పాపను ఒడిలోకి తీసికొన్న నాటి అప్పగింత పత్రము కావాలి. తేదీ, సంతకము, ముద్ర స్పష్టముగా ఉన్నాయో లేదో చూసి, రెండు నకళ్ళు తీయించి, అసలు పత్రమును పాస్‌పోర్టుల సంచీలో ఉంచుకొనండి.