మోకాలిలో అరిగే పలక

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ మిరప కల్లాలు. ఒక కల్లంలో ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. లేచి నిలబడకుండా, గొంతుక్కూర్చున్న భంగిమలోనే అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ రాశి చుట్టూ తిరుగుతున్నారు. మోకాళ్ల సంగతి ఎత్తితే అందరిదీ ఒకటే మాట: గుజ్జు అయిపోయింది. ఆపరేషన్ మాట వస్తే రెండో మాట: టైటానియం వేయించుకుంటే జన్మంతా ఉంటుందట. రెండు ఊళ్లలోనూ ఇదే విన్నాను. ఈ నమ్మకం తప్పని, దానికి పేదవాడు అనవసరంగా డబ్బు కడుతున్నాడని నా వాదన.

జగ్గయ్యపేటలో ఒక ఇంట్లో మోకాలి మార్పిడి ఫైలు చూపించారు. ఒక కాగితం మీద వరసగా స్టిక్కర్లు: తొడ ఎముక చివరకు తొడిగిన లోహపు తొడుగు, కాలి ఎముక మీద పరిచిన లోహపు పళ్లెం, ఆ రెండింటి మధ్య పెట్టిన ప్లాస్టిక్ పలక, ఎముక సిమెంటు. బిళ్ల మందాన ఉండే ఆ పలకే రోజంతా రాపిడి తినేది. అది పాలిథిలిన్‌లోనే అతి గట్టి రకం. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఎముకల సర్జన్ మొదట తుంటి గిన్నెకు టెఫ్లాన్ వాడితే కొద్ది ఏళ్లలోనే అరిగిపోయింది. 1962 నవంబరు నుంచి ఆయన ఈ పాలిథిలిన్‌కు మారాడు. ఇది కూడా అరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. రాలిన కంటికి కనపడని పొడిని శరీరం శత్రువుగా చూస్తుంది. ఆ పోరులో చుట్టూ ఉన్న ఎముక కరిగి కీలు వదులవుతుంది. లోహం చెక్కుచెదరకుండా ఉండగానే కీలు చెడిపోయేది చాలాసార్లు ఇందుకే. 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధరలు కట్టినప్పుడు కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయలు, టైటానియం రకానికి 76,600 అని పెట్టింది. ఆ రెండింటిలోనూ పలక ధర ఒకటే, 9,550. పైన కట్టే దాదాపు 22 వేలూ లోహానికే.

అయితే టైటానియం దండగా అంటే, కాదు. నికెల్ పడని వాళ్లకు అది అవసరం, ఎముకతో బాగా కలిసిపోతుంది కూడా. కానీ రాపిడికి అది మెతక. గీతలు పడకుండా పైన గట్టి పూత వేయాల్సి వస్తుంది. మరి ప్లాస్టిక్కే లేకుండా లోహం మీద లోహం పెడితే? తుంటి కీళ్లలో పెట్టి చూశారు. రక్తంలోకి కోబాల్ట్, క్రోమియం చేరి చుట్టూ కండ దెబ్బతింది, అలాంటి ఏఎస్ఆర్ తుంటిని 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిపించారు. 25 ఏళ్ల తర్వాత కూడా పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం నిలిచే ఉంటాయని 2019లో లాన్సెట్ పత్రిక చెప్పిందిగా, ఇంక భయమెందుకు అనవచ్చు. ఆ లెక్క ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రికార్డులది. కుర్చీల మీద బతికే దేశాలవి. కల్లంలో గొంతుక్కూర్చునే మోకాలికి ఆ హామీని యథాతథంగా ఇవ్వలేం. బాగా వంగిన మోకాలిలో బరువంతా పలక వెనక అంచు మీద పడుతుంది.

అందుకే డాక్టరును అడగాల్సింది పలక గురించి: మామూలు పాలిథిలినా, రేడియేషన్‌తో అణువుల్ని అల్లి గట్టిపరిచిన క్రాస్‌లింక్డ్ రకమా, విటమిన్ ఇ కలిపారా, మందం ఎంత అని. జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీ పక్కన బతికే ఊరు కాబట్టి ఎముక సిమెంటు గురించీ ఇక్కడ అడుగుతారు. దానికీ సున్నపురాయికీ సంబంధం లేదు. కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే ప్లాస్టిక్ జాతిది. జిగురులా అంటుకోదు, ఎముక సందుల్లోకి చొరబడి బిగుసుకుంటుంది.

ఆ స్టిక్కర్ల కాగితాన్ని ఇంటివాళ్లు పట్టాదారు పాసుపుస్తకంతో పాటు ఒకే కవరులో దాచారు. సరైన చోటే దాచారు. పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో పలక ఒక్కటే అరిగితే, లోహం కదిలించకుండా దాన్ని మాత్రమే మార్చే వీలుంటుంది. అప్పుడు అదే కంపెనీ, అదే మోడల్, అదే సైజు పలక కావాలి. అవన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి.